దగ్గు తీసేసిన రికార్డింగులు

ఆ దగ్గు నాకు ల్యాబులో, పట్టపగలు వినపడింది. పులివెందుల పక్కన ఒక చీనీకాయల తోటలో బోరు మోటారు చప్పుడు రికార్డు చేసుకొచ్చాను. అందులో మూడు సెకన్ల ముక్కను దాచేసి, ఆ ఖాళీలో ఏముండాలో నింపమని కంప్యూటర్‌లోని నా మోడల్‌కి ఇచ్చాను. అది నింపింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. మోటారు రొద మధ్యలో రెండు దగ్గులు, వెంటనే గొంతు సవరించుకున్న చప్పుడు. తోటలో ఆ రోజు నేనూ రైతూ తప్ప ఎవరూ లేరు. మేమిద్దరమూ దగ్గలేదు. ఆ దగ్గు ఎవరిదో నాకు బాగా తెలుసు. ఆయన పోయి, నలభయ్యో రోజు చదివించే ఫాతిహా కూడా అయిపోయింది.

హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద విసిరేశాను. పక్క సీటు అమ్మాయి "ఏమైంది?" అంటే "ఏం కాలేదు, నీ పని చూసుకో" అని కసిరాను. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. నేను పొరపాటున తెరిచింది పాత మోడల్‌ని. అది నేర్చుకున్నదంతా ఆయన అంగట్లో చేసిన రికార్డింగుల మీదే. మోటారున్న చోట ఆ దగ్గు కూడా ఉంటుందని దానికి అలవాటైపోయింది. ఇంత వివరంగా తెలిసినా హెడ్‌ఫోన్స్ మళ్ళీ తీసుకుని ఆ ముక్కనే ఇంకోసారి విన్నాను.

మాది ప్రొద్దుటూరు. ఫెలోషిప్పు మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇంట్లో ఎవరైనా ఏం చదువుతున్నావని అడిగితే ఇలా చెబుతాను: మామూలుగా యంత్రానికి నేర్పాలంటే ఇది మంచి మోటారు, ఇది చెడ్డ మోటారు అని ఒక్కో చప్పుడుకీ ఎవరో కూర్చుని పేరు పెట్టాలి. నా పద్ధతిలో ఎవరూ పేర్లు పెట్టనక్కర్లేదు. చప్పుడులో ఒక ముక్క దాస్తాం, మిగతాది వినిపిస్తాం, దాచింది ఏమిటో అదే కనుక్కుంటుంది. అలా లక్షసార్లు కనుక్కునేసరికి చప్పుళ్ళలో తేడాలు దానంతటదే తెలుసుకుంటుంది.

దానికి చప్పుళ్ళు కావాలి, గంటల తరబడి కావాలి. అందుకే జమ్మలమడుగులో ఒక రివైండింగ్ అంగడికి పోయాను. పులివెందుల, ముద్దనూరు వైపు తోటల్లో కాలిపోయిన మోటార్లు ఆ అంగడికే వచ్చేవి. అంగడి నడిపేది మా నాయన వయసు ముస్లిం పెద్దాయన. మొదటి రోజే మామా అని పిలిచాను, ఆయన పాపా అన్నాడు, ఇక అదే ఖాయమైపోయింది. కాలిన తీగలు తీసి, కొత్తవి చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి, చివరికి మోటారును నీళ్ళ తొట్టిలో దించి తిప్పి చూసేవాడు. స్క్రూడ్రైవర్ మొన మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "బేరింగు బాలేదు, ఇప్పండ్రా" అనేవాడు. ఒక్కసారీ తప్పు చెప్పగా నేను చూడలేదు.

నా పద్ధతి వివరిస్తే పడీ పడీ నవ్వాడు. "పేరు చెప్పకుండానే నేర్చుకుంటాదా? నేనూ అట్లే నేర్చుకున్న్యా పాపా. మా ఉస్తాదు తిట్టేటోడే గానీ చెప్పేటోడు కాదు."

"అయితే నీ చెవికీ నా మిషనుకూ పందెం, మామా."

"పెట్టు. ఓడిపోయినోళ్ళు బొరుగులు తినిపియ్యాల."

పని ఇలా సాగేది. మోటారు తొట్టిలో తిరగడం మొదలుపెట్టగానే నేను చెయ్యి ఎత్తుతాను. దించేదాకా అంగట్లో ఎవరూ నోరెత్తకూడదు. రైతులు ఊరుకుంటారా? నీళ్ళ గురించో, కరెంటు గురించో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటారు. మామ వాళ్ళ మీద విరుచుకుపడేవాడు. "గమ్మునుండండి అబ్బా, పాప చదువుకుంటాండాది!" అంత గట్టిగా అరిచి మళ్ళీ ఆయనే దగ్గేవాడు. కాలిన తీగల పొగ, వార్నిష్ వాసన, పైన బీడీలు. నాకు ఒళ్ళు మండేది. నాలుగో నెలలోనో ఐదో నెలలోనో ఉండబట్టలేక అనేశాను.

"మామా, ఒక్క రెండు నిమిషాలు ఆపుకోలేవా? నా డేటా అంతా పాడైపోతాంది!"

ఆ మాట నేనే అన్నాను. ఎవరో అన్నట్టు చెప్పుకుందామంటే కుదరదు, అది కూడా రికార్డయింది. అప్పటినుంచి నేను చెయ్యి ఎత్తగానే ఆయన తువ్వాలు నోట్లో కుక్కుకుని నిలబడేవాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేవి, ముఖం ఎర్రబడేది. చెయ్యి దించగానే వీధిలోకి పరుగెత్తి, గోడ పట్టుకుని దగ్గి వచ్చి, "బాగొచ్చిందా పాపా?" అని అడిగేవాడు. బాగా వచ్చిందని చెప్పేదాన్ని. నిజంగానే బాగా వచ్చేది.

ఆరు నెలల రికార్డింగులు చాలనుకుని మొదలుపెట్టాం. ఫలితాలు చూసి ఫెలోషిప్పు పొడిగించారు, ఎండాకాలం మోటార్లు కూడా కావాలని మా గైడ్ పట్టుబట్టారు. ఇంకో ఎనిమిది నెలలు రావాలి మామా అంటే, "రా పాపా, నీ అంగడే అనుకో" అన్నాడు.

ఈలోపు మోడల్ ఒక పని చేసింది. తనకు తెలిసిన చప్పుళ్ళన్నిటినీ చుక్కల పటంలా గుంపులు చేసి, దగ్గులను విడిగా ఒక మూలకు నెట్టింది. ఎవరూ చెప్పకుండానే అది వేరని దానికి తెలిసింది. ఆ గుంపు నా పటాన్ని వికారంగా చేస్తోందని చిరాకుపడి, మూడు లైన్ల కోడ్ రాసి ఆ ముక్కలన్నీ తీసి 'చెత్త' అని పేరు పెట్టిన ఫోల్డర్‌లోకి పంపేశాను. ఆ తర్వాతి నెలల దగ్గులూ అటే పోయేవి. కొత్త మోడల్‌కి అవేవీ వినిపించలేదు. ఫలితాలు ఇంకా మెరుగయ్యాయి. పేపరు అచ్చయింది. సెమినార్‌లో శుభ్రమైన డేటా అని మెచ్చుకుంటే మురిసిపోయాను, నా మొహం!

పద్నాలుగో నెల అయిపోయాక ఆయనను కడప తీసుకుపోయారని తెలిసింది. ఊపిరితిత్తులు. ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారని డాక్టరు అరిచాడట. నేను రివ్యూ మీటింగు ఉందని ఆగాను, తర్వాత పోదామనుకున్నాను. ఆ తర్వాత అన్నది లేకుండా పోయింది. మట్టికి కూడా అందలేదు.

ల్యాబులో ఆ దగ్గు విన్న రోజే 'చెత్త' ఫోల్డర్ తెరిచాను. మొదటి నెల నుంచి వరుసగా విన్నాను. మొదట్లో పొడిగా, రెండేసి. వర్షాకాలానికి నాలుగేసి, లోపల గరగరమంటూ. చివరి నెలల్లో తువ్వాలు అడ్డం పెట్టుకున్న మూగ చప్పుడు, ఆ వెనక ఈల వేసినట్టు ఊపిరి. చిన్నపిల్లలకు వినిపించినా ఈయనను ఆసుపత్రికి తీసుకుపోండి అని చెప్పేవాళ్ళు. మా గైడ్‌తో చెప్పుకుంటే, "అది మన సమస్య పరిధిలోకి రాదు, బాధపడకు" అన్నారు. ఆయన మంచివాడే, కానీ ఆ క్షణం అచ్చయిన మా పేపరు తీసి ఆయన ముఖాన కొట్టాలనిపించింది.

మరుసటి ఆదివారం జమ్మలమడుగు పోయాను. అత్త, అంటే మామ భార్య, వాకిట్లో చాప పరిచి కూర్చోబెట్టింది. టీ పెట్టి తెచ్చింది. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఒక్కసారిగా కక్కేశాను. నాకు తెలుసు అత్తా, పద్నాలుగు నెలలు విన్నాను, దగ్గొద్దని నేనే అన్నాను, విని కూడా చెప్పలేదు. ఏడుపు ఆగలేదు. ఆమె తిడితే బాగుండునని గట్టిగా కోరుకున్నాను.

ఆమె తిట్టలేదు. "నువ్వు ఇన్న్యావు సరే, నేను ఇన్లేదా పాపా? పక్కలో పండుకునేదాన్ని" అంది. "డాక్టరు కాడికి పోదాం పాండని మొత్తుకున్న్యా. పాప పని ఈ నెలతో అయిపోతాది, అయినాక పోదామన్న్యాడు. మళ్ళా అడిగితే, ఇంగా ఎనిమిది నెలలు పెంచినారంట, నడమన అంగడి మూస్తే ఆయమ్మ చదువు ఆగిపోతాది అన్న్యాడు. నేనేం చేసేది?"

టీ గ్లాసు చాప మీద పెట్టేశాను. నేను ఒప్పుకుందామని వచ్చిన తప్పు ఇది కాదు. దీనికి ఏడవడానికి కూడా నాకు ముఖం లేదు.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని నా వైపు చూసింది. ఆ చూపులో నిష్ఠూరం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"అయిపోయిందా మళ్ళ, నీ చదువు?"

ఇంకో ఏడాదిన్నర ఉంది. అయిపోయిందత్తా అని అబద్ధం చెప్పాను.