ఈల పలికే పళ్ళు

1982. డెట్రాయిట్‌ తూర్పువైపు ఒక చిన్న క్లినిక్‌లో పళ్ళ డాక్టర్‌గా చేస్తున్నాను. దగ్గర్లోని కార్ల ఫ్యాక్టరీ మూతపడి, వీధిలో సగం ఇళ్ళ కిటికీలకు చెక్కలు కొట్టేశారు. అమెరికాలో ఎవరినైనా పేరు పెట్టే పిలవాలని ఎవరో చెబితే నమ్మి, డెబ్బై ఏళ్ళ నల్లజాతి పెద్దాయనను “రండి వాల్టర్” అన్నాను.

“మిస్టర్ హారిస్,” అన్నారాయన, కుర్చీలో కూర్చోకుండానే. “ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో తెల్ల కుర్రాళ్ళు కూడా నన్ను వాల్టర్ అనే పిలిచారు. పళ్ళు పోయాయి గానీ డాక్టర్, ఆ మిస్టర్ మాత్రం ఇంకా నాదే.”

మా ఊళ్ళో కాంపౌండర్‌ని కూడా గారు అనకుండా పిలవని నాకు చచ్చేంత సిగ్గేసింది.

ఆయన పై పళ్ళన్నీ కిందటేడు వేరేచోట తీయించుకున్నారట. కట్టుడు పళ్ళు ఖాయం చేసేముందు వ్యాక్స్ ట్రై-ఇన్ అని ఒకటుంటుంది. పళ్ళను మైనంలో పేర్చి నోట్లో పెట్టి చూస్తాం. ముత్యాల్లాంటి వరుస పేర్చి, అద్దం చేతికిచ్చి, మెచ్చుకోలు కోసం నిలబడ్డాను. ఆయన అద్దం పక్కన పెట్టి, గట్టిగా ఊదారు. గాస్కెట్ పోయిన కుక్కర్‌లా ఫుస్సుమంది.

“ఇవి పనికిరావు డాక్టర్.”

“పళ్ళు నమలడానికండీ, ఊదడానికి కాదు!”

రిసెప్షనిస్ట్ గ్లోరియా తలుపు తోసుకొచ్చింది. ఆమెది ఆ వీధే. “ఏటా మా వీధి పరేడ్‌లో ఆయన నోటి ఈలకే మా పిల్లలు అడుగులేస్తారు డాక్టర్. చిన్నప్పుడు నేనూ వేశాను. పోయినేడు ఈల లేక పరేడే లేదు. ఈ శనివారం కూడా లేకపోతే ఇక మా వీధికి మిగిలేది ఆ చెక్కలే.”

“షాపులో ఈల దొరుకుతుందిగా?”

ఇద్దరూ నన్ను జాలిగా చూశారు. “అది ఫ్యాక్టరీలో మాపై అజమాయిషీ చేసే ఫోర్‌మన్ మెడలో వేలాడేది,” అన్నారు మిస్టర్ హారిస్. “దానికి మా పిల్లల్ని నడిపించను.”

ఆయన పాత ఫోటో తెప్పిస్తే ముందు పళ్ళ మధ్య చక్కటి సందు కనిపించింది. దాన్ని డయాస్టెమా అంటాం. కాలేజీలో నాకు దాన్ని పూడ్చడమే నేర్పారు. ఇప్పుడు మైనం వేడిచేసి పళ్ళు జరపడం, ఊదమనడం. “ఇంకాస్త ఎడమకి!” అని వెయిటింగ్ రూమ్‌లోంచి బుగ్గ వాచిన ఒకావిడ సలహా ఇచ్చింది.

ఆరోసారి ఈల పలికింది. బయట కుర్చీలు కిర్రుమన్నాయి. తొంగిచూస్తే పంటి నొప్పులతో వచ్చిన వాళ్ళంతా నిటారుగా లేచి నిలబడి ఉన్నారు. బుగ్గ వాచినావిడ గడ్డం అందరికంటే పైకుంది. నాకు కళ్ళు చెమర్చాయి.

శనివారం పరేడ్ జరిగింది. పక్కన నడుస్తూ నేను అడుగు తప్పితే గ్లోరియా రెండుసార్లు మోచేత్తో పొడిచింది. పళ్ళతో ఏం చేసేవారో అడగకుండా ఆ తర్వాత ఎవరికీ పళ్ళు కట్టలేదు.

పరేడ్ చివర ఆయన టోపీ తీసి, “ఇక నన్ను వాల్టర్ అనొచ్చు డాక్టర్,” అన్నారు.

“అలాగే మిస్టర్ హారిస్,” అన్నాను.