అమ్మ ఊదిన యంత్రం

ఒక స్టార్టప్‌లో ఇంటర్న్‌షిప్‌కి ఇద్దరమే చేరాం, నేనూ ఇంకో పిల్లా. ఆ పిల్లది బెంగళూరు, నాది ఆదోని. దూది మిల్లుల దుమ్ములో పనిచేసేవాళ్ళు ఊదితే వాళ్ళ ఊపిరి బలం ఎంతో చెప్పే చిన్న యంత్రం తయారుచేయాలి. చెరొక నమూనా చేశాం. జనానికి నచ్చినదాన్ని చేసినవాళ్ళకే ఉద్యోగం. నాకు అది కావాలి. ఆ పిల్లకు వచ్చినా రాకపోయినా ఒకటే.

మనవాళ్ళకు ఎంగిలి పట్టింపు కాబట్టి మనిషికొక కాగితపు గొట్టం పెట్టాలన్న ఆలోచన నాది. ఆ పిల్ల దాన్ని దర్జాగా వాడుకుని, తన యంత్రం మీద ఎనిమిది దీపాలు తగిలించింది. ఊదేకొద్దీ ఒక్కొక్కటే వెలుగుతుంది. నాదాంట్లో ఉత్త అంకె. రెండూ పట్టుకుని ఎమ్మిగనూరు మిల్లుకు వెళ్తే, అక్కడి ఆడవాళ్ళు తిరునాళ్ళకొచ్చినట్టు ఆ దీపాల యంత్రం చుట్టే మూగారు. పైగా ఆ పిల్ల వచ్చీరాని తెలుగు విని, "ఎంత ముద్దుగా మాట్లాడతాండాదప్పా!" అని మురిపెం. పుట్టిందగ్గర నుంచీ మాట్లాడుతున్నాను, నన్ను ఒక్కరన్నా అన్నారా?

మర్నాడు ఆదోనిలో మా అమ్మ పనిచేసే మిల్లుకు వెళ్ళాం. ఇక్కడ నాదే పైచేయి అనుకున్నాను. గొట్టాల పెట్టె కోసం ఆటో దాకా వెళ్ళొచ్చేసరికి, అమ్మ ఆ పిల్ల యంత్రంలో ఊదేసి, మూతి తుడుచుకుంటూ లేస్తోంది. నాది చాపితే, "పనుండాదిమ్మా" అని లోపలికి వెళ్ళిపోయింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఆ మాట సొంత తల్లి దగ్గరే నిజమయ్యేసరికి కడుపు మండిపోయింది.

సాయంత్రం ఆ పిల్లను ఇంటికి పిలిచింది అమ్మే. బొరుగుల ఉగ్గానిలోకి దానికి నాకన్నా రెండు బజ్జీలు ఎక్కువ వేసింది. ఇంక ఆగలేకపోయాను.

"నేను చేసింది పనికి రాలేదామ్మా నీకు? దాని సోకు దీపాలే కావాల్సొచ్చినాయా?"

అమ్మ నా వైపు చూడలేదు.

"నీదాంట్లో ఊదితే నువ్వు సూస్తావు గదా. ఆ పాపదాంట్లో ఒగ దీపమే ఎలిగింది. నీకు సెప్పొద్దని సెప్పినా. తెలిస్తే నన్ను మిల్లు మాన్పిస్తావు. మాన్పిస్తే నీ సదువు యాడ జరుగుతాది?"

ఆ పిల్ల బజ్జీ చేతిలో పట్టుకుని తల దించుకుంది. నా పళ్ళెం పక్కకు పెట్టి అమ్మ దగ్గరికి జరిగాను. అంతలోనూ ఆ పిల్లను చూస్తే ఒళ్ళు మండుతూనే ఉంది. ఉద్యోగం తనే తీసుకోనీ. మా అమ్మకు ఊపిరి చాలడం లేదన్న సంగతి మాత్రం ముందు నాకు తెలియాల్సింది.