బ్రోచ్ వెనక ముల్లు

1946లో నగరత్‌పేటలో పిల్లలకు చెవులు కుట్టించాలంటే అందరూ నంజుండాచారి దగ్గరికే వచ్చేవాళ్ళు. ఏ మాటకైనా పుట్టుక తెలిస్తేగాని ఊరుకోని కంసాలి ఆయన. ఒకసారి తెల్ల సైన్యం ఉండే దండు ప్రాంతపు దొరసాని ఒకామె కోటుకు పెట్టుకునే బ్రోచ్ చేయమంది. ఆయన బంగారు పువ్వు చేసి, దారంతో కుట్టుకోవడానికి వెనక రెండు చిన్న రింగులు అతికించాడు. "గుడ్డకు గుచ్చుకునే ముల్లు ఏదీ?" అంటూ ఆమె తిప్పి పంపింది.

ఆచారికి కోపమొచ్చింది. పక్కింటి కృష్ణప్ప మేష్టరును నిలదీశాడు.

"కొత్త గుడ్డకు ఎవురన్నా బొక్క పెడతారా అప్పా? అసలు బ్రోచ్ అంటే ఏమి?"

మేష్టరు ఇంట్లోంచి నిఘంటువు తెచ్చి ఆచారి అంగట్లోనే తిరగేశాడు; వెంట ఆయన చిన్న కూతురూ వచ్చింది. "పాత ఫ్రెంచి మాటంట ఆచారీ. మాంసం గుచ్చి కాల్చే చువ్వకు, పొడుగాటి సూదికి ఆ పేరు ఉండాది. పేరు ముల్లుదే. పువ్వు తరవాత వచ్చింది."

"అట్లనా! అయితే అసలుది వదిలేసి పువ్వు ఇచ్చినా."

ముల్లు ఎంత సన్నగా ఉండాలో చూద్దామని ఆచారి చెవులు కుట్టే సూదిని చేతిలోకి తీసుకున్నాడు. అది చూడగానే, నిన్ననే చెవులు కుట్టించుకున్న మేష్టరు కూతురు రెండు చెవులూ మూసుకుంది.

ఆచారి సూదిని కింద పెట్టేశాడు.

"ఇన్నేండ్లూ పిల్లోళ్ళు ఏడుస్తా ఉంటే చెవులు కుట్టినా. నేను జాలిపడింది గుడ్డమీద, చూడప్పా!"