గొడుగు ఊచతో నాటిన చేను

మొన్న ఏలూరులో మా పక్కింటావిడ వాళ్ళబ్బాయి స్కూలు ప్రాజెక్టు కోసం మైదా జిగురు ఉడకబెడుతుంటే, ఆ వాసన గుమ్మం దాటి వచ్చి నన్ను తీసుకెళ్ళి ఆకివీడులో మా అబ్బా గొడుగులు బాగుచేసే అరుగు మీద కూర్చోబెట్టింది. నాన్నని మేం అబ్బా అనే పిలిచేవాళ్ళం. వానాకాలమంతా తలెత్తడానికి తీరిక లేని ఆయన, వేసవి వచ్చేసరికి పనిలేక మాకంటే చిన్నపిల్లాడైపోయేవారు.

ఒక వేసవిలో ఆయన తిరనాళ్ళలో కొన్న, కీ ఇస్తే తిరిగే బొమ్మ రైలుని, దాని గుండ్రటి రేకు పట్టాలతో సహా పాత తలుపు చెక్క మీద బిగించి, "రైలుకి చుట్టూ ఊరుండాలి కదమ్మా" అన్నారు. పనిముట్లంటూ కొన్నదేమీ లేదు. విరిగిన గొడుగు ఊచ ఒకటి సానపెట్టి చిల్లులు పొడవడానికి, ఇంకోటి సుత్తితో చదును చేసి గట్లు దిద్దడానికి ఉంచుకున్నాం. అడుగు కోసేసిన పౌడరు డబ్బాకి దోమతెర ముక్క బిగిస్తే మట్టి జల్లెడ అయింది. అరిగిన పళ్ళబ్రష్షు ఆకుపచ్చ రంగు చిలకరించడానికి, తమ్ముడి మందు డ్రాపరు జిగురు చుక్కలు వెయ్యడానికి పనికొచ్చాయి. డ్రాపరు కోసం అమ్మ ఇల్లంతా వెతికి, చివరికి మా దగ్గర దొరికాక ఇద్దరినీ కలిపి చీవాట్లు పెట్టింది.

పక్కింటి రంగయ్య తాతగారు రైతు. దాళ్వా వరి కోత అవగానే ఆయన చేను చేపల చెరువులకి తవ్వించాలని కొడుకులు నిర్ణయించేశారు.  మాకు మట్టి కావాలని తెలిసి ఆయన, ఆ చేలోదే తువ్వాల్లో మూటకట్టి తెచ్చారు.

"చేను ఎలా ఉండేదో చెప్పుకోడానికి మాకిదొక్కటే మిగులుద్దండీ మస్తాన్ గారూ" అన్నారు అబ్బాతో.

అప్పటినుంచి రోజూ వచ్చి, గట్టు అంత ఎత్తు ఉండదండీ అని, నీళ్ళ బోదె ఇటు కాదండీ అని మా చేత దిద్దించేవారు. జిగురు మీద మట్టి జల్లి, రంగువేసిన గోగునారని ఊచతో కుచ్చు కుచ్చుగా నాటాం. పట్టాల పక్కన ఆయన నాలుగు మళ్ళూ తయారయ్యాయి.

చెరువు తవ్వే పొక్లెయిన్ చేలోకి దిగిన రోజు తాతగారు అక్కడినుంచి తిన్నగా మా అరుగుకే వచ్చారు. జిగురు ఆరి మట్టి నెర్రెలిచ్చింది. ఆయన దాన్ని చూసి, మా నీళ్ళ చెంబు తీసి నాలుగు మళ్ళలోనూ వంపేశారు. "ఎండిపోతోందండీ, ఎలా ఊరుకుంటాం" అన్నారు. జిగురు కరిగి, నార ఒరిగి, రంగంతా పట్టాల మీదకి పారింది. నేను గట్టిగా ఏడ్చి, "అంతా పాడుచేశారు" అని అరిచాను. అప్పుడుగానీ ఆయనకి ఏం చేశారో తెలియలేదు. తలదించుకుని వెళ్ళిపోయి వారం దాకా రాలేదు. చెక్క గీకేద్దామంటే అబ్బా ఒప్పుకోలేదు. తాతగార్ని అలా అన్నందుకు నాకు అన్నం సయించలేదు.

వారం తిరిగేసరికి నార మధ్య పచ్చగా మొనలు లేచాయి. కోతలో రాలిన గింజలు ఆ మట్టిలోనే ఉన్నాయి కాబోలు. పరుగెత్తుకెళ్ళి ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆ తర్వాత రోజూ డ్రాపరుతో ఆయనే నీళ్ళు పెట్టేవారు. మొక్కలు పట్టాల మీదకి వంగి రైలు ఆగిపోయినా, మాకెవరికీ దాని ధ్యాసే లేదు.

జానెడు పెరిగాక, ఒక పొద్దున ఆయన అలవాటు చొప్పున నారు తీసి, వేళ్ళు కడిగి, కట్టకట్టి, గబగబా అరుగు దిగారు. తీసిన నారు ఆ పూటే నాటెయ్యాలి కదా. రెండడుగులు వేసి ఆగిపోయారు.

"ఎక్కడికెళ్తున్నానమ్మాయ్ నేను?" అన్నారు.

నేను అరుగు దిగి ఆయన పక్కన నిలబడ్డాను.

ఇప్పుడు తాతగారూ లేరు, అబ్బా లేరు, గొడుగు బాగుచేయించుకునేవాళ్ళూ లేరు. తలుపు చెక్క చెదలు తినేసింది. ఆ దారిలో రైలెక్కినప్పుడల్లా కిటికీ దగ్గరే కూర్చుంటాను. ఆకివీడు దాటేదాకా అటూ ఇటూ చెరువులే. చేనే ఉండి ఉంటే తాతగారు ఆ నారుకట్ట ఎక్కడ నాటి ఉండేవారా అని ప్రతిసారీ వెతుకుతాను.