నిటారు మాస్టారి ఎలుకలు

నిటారు మాస్టారు మనుషుల మొహాలు చూడరు, వెన్నులు చూస్తారు. ప్రయోగశాలలో ఎవరైనా ఎదురుపడితే ఒక్కసారి అటు తిరగమని, అప్పుడు గుర్తుపట్టి కులాసాలు అడుగుతారు. ఆయన పెళ్లి ఫొటోలో అందరూ కెమెరాను చూస్తుంటే, ఆయనొక్కరే మామగారి నడుము వైపు దిగులుగా చూస్తున్నారు.

పని కూడా దానికి తగ్గదే. చక్కెర జబ్బు ఎలుకల వెన్నెముకను ఏం చేస్తుందో తేల్చాలి. ఎక్స్‌రేలో నిక్షేపంలా కనబడే పూస, యంత్రంలో పెట్టి నొక్కితే సుద్దముక్కలా పుటుక్కుమనేది. బతికున్న ఎలుకలను మాస్టారు "మీరు" అనేవారు. కాస్త సర్దుకుని కూర్చోండని బతిమాలేవారు.

ఈ జబ్బు ఎలుకలు కడివెడు నీళ్లు తాగి బోనంతా తడిపేస్తాయి. అందుకని రోజూ సాయంత్రం కూడా బోనుల్లో పరిచిన పొట్టు మార్చాలి. ఆ వంతు పసిపిల్ల తల్లి అయిన పరిశోధక విద్యార్థినిది. అది ముగిసేసరికి క్రెష్ మూసే వేళ దాటిపోయేది. ఇంకొక్కసారి ఆలస్యమైతే పాపను ఇక చేర్చుకోనని ఆయా తేల్చి చెప్పేసింది. మాస్టారితో చెప్పుకుందామంటే, మధ్యలో వదిలేసే రకమనుకుంటారేమోనని భయం.

ఆ సాయంత్రం ఆమె వంగి పొట్టు తీయబోతుంటే మాస్టారు వెనకే నిలబడ్డారు.

"అమ్మాయ్, నువ్విలా వంగుతుంటే ఎలుకలు చూస్తున్నాయి."

"చూస్తే ఏమైంది సార్?"

"రేపు అవీ వంగితే? చక్కెర వల్లో, నీ వల్లో నేనెక్కడ తేల్చను? సాయంత్రాలు ఈ గదిలోకి రాకు."

ఆమె, రేపు పరిశోధనలోంచే తీసేస్తారనుకుంటూ క్రెష్‌కు వెళ్లింది. వేళకు వచ్చిన ఆమెను చూసి ఆయా గోడ గడియారాన్ని అనుమానించింది. తీరా ఇంటి గుమ్మంలో చూసుకుంటే తాళాలు ప్రయోగశాలలో కోటు జేబులోనే ఉండిపోయాయి. పాపను చంకనేసుకుని వెనక్కి పరుగెత్తింది.

ఎలుకల గదిలో, అడుగు వరుస బోను ముందు, మడతపెట్టిన చొక్కాలా మాస్టారు. మోచేతుల దాకా తడి పొట్టు.

"మీరెందుకు వంగారు సార్?"

ఆయన లేవలేదు. నడుము పట్టేసింది. ఉన్నచోటి నుంచే, తన మోకాళ్ల సందులోంచి ఆమెను పరీక్షగా చూశారు.

"పాపనెప్పుడూ ఎడం చంకనే మోస్తావు, భుజం చెబుతూనే ఉంది. సాయంత్రమయ్యేసరికి నీ వెన్ను వెన్నంతా తలుపు వైపు ఒరిగిపోతుంది. అడగొచ్చు కదా? కుడికి మార్చు."

ఆమె పాపను కుడి చంకకు మార్చుకుంది.

"ఇప్పుడొచ్చి నన్ను లేపు. ఆగాగు. ముందు వీళ్లని గోడ వైపు తిప్పు."

బోనులన్నీ ఒక్కొక్కటే మర్యాదగా గోడ వైపు తిరిగాయి. పాప మాత్రం ఎటు తిప్పినా మాస్టారి వైపే తిరిగి కిలకిలా నవ్వింది.