వెనక సీటు పెత్తనం

పొద్దున్నే మన్సూరాబాద్ నుంచి కోడలు ఫోన్ చేసింది. కొత్త స్కూటరు కొనుక్కుంది, ఇవాళ నేర్చుకోవడం మొదలుపెడుతుందట. నేను చొక్కా అందుకోబోతుంటే, "మీరు రావొద్దు మామా, అత్తమ్మను పంపుండ్రి" అంది. "మీ అత్తమ్మకి బండి నడపడం రాదు కదమ్మా?" అన్నాను. "రాకున్నా ఏం కాదు. వెనక కూసుంటే చాలు, ఏమనదు. మీరైతే పెత్తనం చేస్తరు." నవ్వుతూనే అంది గానీ, ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాకు ఒళ్లు మండింది.

ఆ మాటకి అర్థం నాకు తెలియనిదా? పెద్దరికం ముదిరితే పెత్తనం. మా అమ్మ తన ఆడపడుచు గురించి చెప్పేటప్పుడు ఆ మాటే వాడేది. తనని అడక్కుండా ఆవిడ ఉప్పు డబ్బా కూడా ముట్టుకోనిచ్చేది కాదట. మేం కొత్తపేటలో అద్దెకున్నప్పుడు కింద ఉండే ఓనరమ్మ నీళ్ల మోటారు గది తాళం కొంగున కట్టుకుని తిరిగేది. ఆవిడ స్విచ్ వేస్తేనే మాకు స్నానం. "ఏం పెత్తనం ఈవిడది!" అని సబ్బు రాసుకున్న ఒంటితో పళ్లు నూరేవాణ్ణి. ఎవరు వాడినా ఎదుటివాళ్ల మీదే వాడతారు ఆ మాట. 'నేను పెత్తనం చేస్తున్నాను' అన్నవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. తను చేసేదాన్ని ఎవరైనా జాగ్రత్త అనే అంటారు. నేనూ అలాగే అనేవాణ్ణి.

పాతికేళ్ల కిందట మా ఆవిడకి మన్సూరాబాద్‌లో ఒక స్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. ఎల్బీనగర్‌లో బస్సు మారాలి, వేళకి చేరడం కష్టం. బండి వస్తేనే ఉద్యోగం. నేర్పిస్తానని నేనే ముందుకొచ్చాను. వారం రోజులు ఆవిడ ముందు, నేను వెనక. "హారన్ కొట్టు. ఇప్పుడెందుకు కొట్టావ్? అద్దంలో చూడు. అబ్బా, ముందు చూడు!" "ఏమండీ, నడిపేది మీరా, నేనా?" అని ఒకసారి విసుక్కుంది. "ఎడమకి, ఎడమకి" అన్నాను.

అప్పుడింకా గడ్డిఅన్నారంలోనే పళ్ల మార్కెట్ ఉండేది. రోడ్డంతా వరిగడ్డి, మాగిన మామిడిపళ్ల వాసన. ఎదురుగా లారీ వస్తోంది. ఆవిడ చక్కగా పక్కకి తీసి నెమ్మదిగా పోనిస్తోంది. నాకే ప్రాణం నిలవలేదు. భుజం మీదుగా చెయ్యి చాచి కుడి బ్రేకు గట్టిగా నొక్కేశాను. బండితో సహా ఇద్దరం రోడ్డు పక్క బత్తాయిల కుప్పలోకి వెళ్లాం. ఆ కుప్ప తాలూకు అమ్మ నన్ను వదల్లేదు. "గా అమ్మ మంచిగనే నడుపుతున్నది గద! నువ్వెందుకు చెయ్యి వెట్టినవ్ సారూ? గింత పెత్తనమా?" అంటూనే మా ఆవిడ మోచేతి మీద నెత్తుటిని నీళ్లు పోసి కడిగింది.

బండి తాళం నేను తీసుకున్నాను, మళ్లీ ఇవ్వలేదు. "ఎందుకొచ్చిన గొడవ" అని ఉద్యోగం వద్దనిపించాను. అంతటితో ఊరుకున్నానా! ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ మా ఆవిడ బత్తాయిల్లో పడ్డ కథ నవ్విస్తూ చెప్పాను. బ్రేకు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆవిడ కాఫీలు అందిస్తూ వినేది. ఒక్కసారీ అడ్డు చెప్పలేదు. పెళ్లైన కొత్తలో కోడలికి కూడా అదే కథ చెప్పాను.

ఇవాళ మా ఆవిడ చెప్పులేసుకుంటుంటే, "ఆ రోజు బ్రేకు నొక్కింది నేనని కోడలికి చెప్పు" అన్నాను.

"మీరు కథ చెప్పిన రోజే చెప్పాను. లేకపోతే మిమ్మల్ని ఎందుకు రావొద్దంటుంది?"

"పోనీ, నువ్వూ నేర్చుకోరాదూ?"

"ఈ మోకాళ్లతోనా?" అని నవ్వి మెట్లు దిగింది. ఎల్బీనగర్‌లో మెట్రో దిగాక ఎటు తిరగాలో చెప్పబోయి, నోరు మూసుకున్నాను. ఆ బ్రేకు మీద నా చెయ్యి ఉన్నది ఒక్క క్షణమే అని ఇన్నాళ్లూ అనుకున్నాను; పాతికేళ్లుగా తియ్యనేలేదని ఇవాళ ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా బాల్కనీలో నిలబడి చూస్తే తెలిసింది.