చదివి వినిపించాకే సంతకం

నిన్న పొద్దున్న ఏడింటికి ఫోన్ మోగితే అప్పన్న బావే అనుకున్నాను.

చూపు తగ్గినప్పటి నుంచీ రోజూ ఆ టైముకే ఫోన్ చేసి, నాచేత పేపరు చదివించుకునేవాడు. అందుకే పేపరు తెరిచి పట్టుకుని మరీ ఫోనెత్తాను.

మాట్లాడింది వాళ్ళమ్మాయి. "మావా, నాన్న లేడు" అంది.

తర్వాత ఆ పిల్ల ఏం చెప్పిందో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

లాయర్ అప్పన్న అంటే బొబ్బిలి చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. కానీ ఆయన కోరిక లాయర్ అవడం కాదని మీలో ఎంతమందికి తెలుసు? మున్సిఫ్ మేజిస్ట్రేట్ అవ్వాలనుకున్నాడు. అవనివ్వలేదు.

ఎవరు అవనివ్వలేదో ఈ రోజు రాస్తాను. మనిషి పోయిన మర్నాడు ఇలాంటివి రాయకూడదంటారు. అననీండి.

అరవైల చివరి మాట. స్కాలర్‌షిప్ తెచ్చుకుని వాల్తేరులో లా చదివిన మొదటివాడు మా ఊళ్ళో బావే. నెలకి రెండు శనివారాలు రైల్లో బొబ్బిలి దిగి, ఊరికి నడిచొచ్చేవాడు. ఆదివారం మా పశువులశాలలో కౌలు రైతుల్ని కూర్చోబెట్టి సంతకం నేర్పేవాడు. అప్పటిదాకా మావాళ్ళవన్నీ వేలిముద్రలే.

ఊళ్ళో భూమి చాలావరకు ఒక్కరిదే. ఆయన్ని పెద్దింటాయన అనేవాళ్ళం.

బావ పెట్టిన రూలు ఒక్కటే. "ఎవులు కాయితం తెచ్చినా సదివి ఇనిపించమనండి. ఇన్నాకే సంతకం."

మా అయ్యకి సంతకం వచ్చిన వారం మా ఇల్లు చూడాల్సింది. తలుపు మీద, గాదె మీద, నాగలి మీద, చివరికి మా అమ్మ చేట మీద కూడా బొగ్గుతో ఆయన పేరే. "నా మొకం మీద కూడా రాసీ, ఒక పనైపోతాది" అని అమ్మ తిట్టేది.

ఆ సంబరమే మా కొంప ముంచింది.

ఒక బుధవారం పెద్దింటాయన గుమస్తా వచ్చాడు. ఎరువుల కోసం దరఖాస్తు అన్నాడు. వేలిముద్రలకి సిరా తీశాడు.

"అది లోపలెట్టీ బాబూ, మాకు సంతకం వచ్చు" అన్నాడు మా అయ్య.

గుమస్తా నవ్వి పెన్ను ఇచ్చాడు.

పదిహేడు మంది వరసగా వచ్చి, నాలిక బయటపెట్టి, ఒక్కో అక్షరం దిద్దుకుంటూ పెట్టారు. చదివి వినిపించమని ఒక్కరూ అడగలేదు. సంతకం వచ్చినవాడు చదవమని అడగడం నామోషీ అనుకున్నారు.

అది ఇష్టపూర్వకంగా కౌలు వదులుకుంటున్నామని రాసిన కాగితం. మర్నాడే పొలంలో దిగొద్దని కబురొచ్చింది.

వేలిముద్రయితే తెలియక వేశామని కోర్టులో అనొచ్చు. సంతకం పెట్టినవాడు చదువు రాదంటే ఎవరు నమ్ముతారు?

శనివారం బావ వచ్చి, విని, పశువులశాల గుమ్మంలో కూలబడ్డాడు. "తప్పు నాది బావా. సంతకం ముందు నేర్పీసినాను. సదవడం ముందు నేర్పాల" అన్నాడు నాతో. మా అయ్య తలెత్తలేదు.

పెద్దింటాయన మీదకి పోదామని నేను కర్ర తీశాను. బావ లాక్కుని అవతల పారేశాడు. "కాయితంతో కొట్టినోడిని కాయితంతోనే కొట్టాల. ఆగు."

కేసు వేయించాడు. పెద్దింటాయన ఊరుకుంటాడా? ఈ కుర్రాడు కొండల్లో తిరిగే తుపాకులవాళ్ళ మనిషని పోలీసులకి ఆకాశరామన్న ఉత్తరం రాయించాడు. ఆ రోజుల్లో మా జిల్లాలో చదువుకున్నవాడి మీద ఆ ఒక్క ముక్క చాలు.

పోలీసులు హాస్టల్‌కి వచ్చి ఆ ఉత్తరం ముందు పెట్టి అడిగారు. ఆ చేతిరాత బావ గుర్తుపట్టాడు. కౌలు కాగితం రాసిన చెయ్యే. గుమస్తాది.

స్కాలర్‌షిప్ ఆగిపోయింది. ట్యూషన్లు చెప్పుకుని లా పూర్తి చేశాడు. కొన్నాళ్ళు ప్రాక్టీసు చేసి మున్సిఫ్ పోస్టుకి వెళ్తే, అన్నీ ప్యాసై, ఆ పాత ఉత్తరం వల్ల పోలీసు వెరిఫికేషన్ దగ్గర పోయింది. పోస్టు ఇవ్వలేమన్న కాగితం నాకు చూపించి నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ రాదు.

పదిహేడు మంది కేసూ నెత్తినేసుకుని ఏళ్ళ తరబడి కొట్లాడాడు. భూమి వచ్చింది. మా అయ్య చూడకుండానే పోయాడు.

ఇక నిన్నటి సంగతి.

దహనం అయ్యాక పెద్దింటాయన కొడుకు కారులో దిగాడు. వెంట ఫొటోలు తీసే మనిషి. సంతాప తీర్మానమంటూ తన పేరున రాయించిన కాగితం నాకిచ్చాడు. "పేపరుకి ఇస్తామండీ. పెద్దవారు, మీరో సంతకం పెట్టండి."

"సదివి ఇనిపించు బాబూ" అన్నాను.

"మామూలేనండీ, ఏముంది."

"గట్టిగా సదువు. అందరూ ఇంటారు."

చుట్టూ ఉన్నది ఆ పదిహేడు మంది పిల్లలు, మనవలు. చదివాడు. మూడో లైనుకి గొంతు తగ్గింది. "మా తండ్రిగారి అండదండలతో ఉన్నత విద్య నభ్యసించి..."

పెన్ను తీసి ఆ లైను కొట్టేశాను. పైన నేను రాశాను. "మా తండ్రి రాయించిన దొంగ ఉత్తరం వల్ల మున్సిఫ్ కాలేకపోయి."

రాసింది చదివి వినిపించి, పెన్ను అతని చేతికిచ్చాను. "ఇన్నావు కదా. ఇప్పుడు నువ్వెట్టు సంతకం."

పెట్టలేదు. కారులోంచి దండ కూడా దింపకుండా వెళ్ళిపోయాడు.

ఆ కాగితం ఫొటో ఈ పోస్టు కింద పెట్టాను. సంతకం చోటు ఖాళీగా ఉంది. అతను నా ఫ్రెండ్స్ లిస్టులోనే ఉన్నాడు, చూస్తాడు. మీరంతా మీ ఇళ్ళల్లో గట్టిగా చదవండి.

బావా, నువ్వు ఏనాడూ పగ పట్టలేదు. నీ వాటా కూడా నేనే పట్టాను.

ఈ రోజు కూడా ఏడింటికి పేపరు గట్టిగానే చదివాను.

నీకు శాంతి కలగాలి.

నాకు ఇప్పుడే వద్దు. ఆ సంతకం పడనీ.